ఆ తలుపు మూయనివ్వని పంతులమ్మ

మా బావగారి పాత అమెరికా పాస్‌పోర్టు ఒకటి మా బీరువాలో ఉండిపోయింది. అందులో ఇండియా వీసా ఉందని కొత్తదానితో పాటు వెంట తెచ్చుకుని, వెళ్లేటప్పుడు మర్చిపోయారు. ఓ మధ్యాహ్నం బట్టలు సర్దుతుంటే చేతికి తగిలింది. తోచక తిరగేశాను. ప్రతి రెండు పేజీలకూ ఒక బొమ్మ, దాని పైన ఒక పెద్దమనిషి మాట. వాషింగ్టన్, లింకన్, కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్... అన్నీ మనకి తెలిసిన పేర్లే. తిప్పుతూ పోతే చివర్లో తెలియని పేరు ఒకటి కనిపించింది. అన్నా జూలియా కూపర్. అంతమంది మగవాళ్ల మధ్య ఆడపేరు ఆ ఒక్కటే!

ఎవరీవిడ? ప్రెసిడెంటు భార్య కాదు, సినిమా తార కాదు. వెతికి చూస్తే తేలిందేమిటంటే, ఆవిడ బడిపంతులమ్మ. ఒక సర్కారు హైస్కూలుకి నాలుగేళ్లపాటు హెడ్ మిస్ట్రెస్. ఆ నాలుగేళ్లకే ఆవిడని ఆ కుర్చీలోంచి దింపేశారు కూడా.

సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో పనికొచ్చే ఆమె నన్నో సంగతి అడిగింది. వాళ్లమ్మాయి టెన్త్ పాసయ్యింది. లెక్కల్లో మంచి మార్కులు. ఎంపీసీ తీసుకుంటానంటోంది. స్కూల్లో ఎవరో పెద్దలు మాత్రం, మీకెందుకమ్మా అంతంత చదువులు, వొకేషనల్ కోర్సులో చేర్చు, కుట్లు నేర్చుకుంటే రెండేళ్లలో నాలుగు రాళ్లు సంపాదిస్తుంది అన్నారట. ఏం చెయ్యమంటారమ్మా అని నన్నడిగింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు. నాలుగు రాళ్లు సంపాదిస్తుందన్నది అబద్ధం కాదు కదా! ఆ ఆలోచనలోనే ఉండి ఈ కూపర్ గారి కథ చదవడం మొదలుపెట్టాను. నూట పాతికేళ్ల కిందట అమెరికాలో ఆవిడకి ఎదురైన ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే.

గ్రీకు క్లాసులో ఆడపిల్ల

అన్నా 1858లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ అనే ఊళ్లో పుట్టింది. పుట్టడమే బానిసగా పుట్టింది. తల్లి హన్నా స్టాన్లీ హేవుడ్ ఒక తెల్లవాళ్ల కుటుంబానికి సొత్తు. తండ్రి ఆ ఇంటి యజమానే అయి ఉంటాడని అంటారు. తల్లి మాత్రం ఆయన గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు. చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడిపోయిందని కూతురు పెద్దయ్యాక రాసుకుంది. ఆ తల్లి బతుకు అంతా ఆ ఒక్క ముక్కలో ఉందనిపించింది నాకు.

అన్నాకి ఏడేళ్లప్పుడు, 1865లో, యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. 1868లో చర్చివాళ్లు రాలీలో సెయింట్ అగస్టీన్స్ అనే బడి పెట్టారు. విడుదలైన నల్లవాళ్లకి పాఠాలు చెప్పే టీచర్లని తయారుచెయ్యడానికి పెట్టిన బడి అది. తొమ్మిదేళ్ల అన్నా స్కాలర్‌షిప్పు మీద అందులో చేరింది. చేరిన కొద్దికాలానికే తనకంటే చిన్నవాళ్లకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టిందంటే ఎంత చురుకైన పిల్లో ఊహించుకోండి!

అక్కడే మొదటి పేచీ వచ్చింది. మతబోధకులు కాబోయే మగపిల్లలకి గ్రీకు భాష చెప్పేవారు. వాళ్లకి ఫీజులో రాయితీలు, ప్రత్యేక క్లాసులు, ప్రోత్సాహం అన్నీ ఉండేవి. ఆడపిల్లలు మాత్రం ఆ మగపిల్లల్లో ఒకరిని పెళ్లి చేసుకుంటే చాలన్నట్టుండేది వ్యవహారం. తనకీ గ్రీకు కావాలని అన్నా పట్టుబట్టింది. చివరికి రానిచ్చారు.

ఇది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ చదివిన రోజుల్లో హైస్కూల్లో లెక్కలు రెండు రకాలుగా ఉండేవి. కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు. కాంపోజిట్ తీసుకుంటేనే పైన సైన్సు, ఇంజినీరింగు దారులు తెరుచుకుంటాయి. ఆడపిల్లకి జనరల్ చాల్లే అని తాతయ్య ఫారం మీద టిక్కు పెట్టేశారట. అమ్మకి లెక్కలంటే ప్రాణం. ఇప్పటికీ పాల లెక్క, చీటీల లెక్క నోటితోనే కట్టేస్తుంది. ఆ టిక్కు సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేస్తుంది.

అన్నా చేరిన ఆ గ్రీకు క్లాసులోనే జార్జి కూపర్ పరిచయమయ్యాడు. వెస్టిండీస్ నుంచి మతబోధకుడు కావాలని వచ్చినవాడు. 1877లో పెళ్లయింది. 1879లో ఆయన పోయాడు. రెండేళ్ల కాపురం. అప్పటికి ఆవిడకి ఇరవై ఒక్క ఏళ్లు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ రోజుల్లో పెళ్లయిన ఆడవాళ్లని టీచర్లుగా ఉంచుకునేవారు కాదు, వితంతువులకైతే అభ్యంతరం లేదు. ఎంత చిత్రమైన లోకమో చూడండి... మొగుడు పోవడం వల్లే ఆవిడ బడికి దక్కింది.

1881లో ఆవిడ ఒహైయో రాష్ట్రంలోని ఓబెర్లిన్ కాలేజీ ప్రెసిడెంటుకి ఉత్తరం రాశారు. నల్లవాళ్లనీ, ఆడవాళ్లనీ చేర్చుకునే అతి కొద్ది కాలేజీల్లో అదొకటి. నేను ఇంతవరకూ చదివాను, డబ్బు లేదు, ఫీజు లేకుండా చేర్చుకుంటారా, ఏదైనా పని ఇప్పిస్తారా అని అడిగారు. తానే కలం పట్టుకుని రాసిన ఉత్తరం. సీటొచ్చింది. అక్కడ ఆడవాళ్లకని తేలిక కోర్సు ఒకటి విడిగా ఉన్నా, దాన్ని వదిలేసి మగవాళ్ల కోర్సే తీసుకుని 1884లో బీఏ అయ్యారు. 1887లో లెక్కల్లో ఎంఏ కూడా వచ్చింది.

రెండు బళ్లు, రెండు దారులు

1887లో వాషింగ్టన్‌లోని నల్లజాతి హైస్కూలు నుంచి ఆవిడకి టీచరుగా పిలుపొచ్చింది. ఈ బడి గురించి కొంచెం చెప్పుకోవాలి. 1870లో ఒక చర్చి కింది అంతస్తులో మొదలైంది. నల్లపిల్లల కోసం అమెరికాలో పెట్టిన మొట్టమొదటి సర్కారు హైస్కూలు అదే. 1891లో ఎం స్ట్రీట్ అనే వీధిలో సొంత భవనం కట్టుకోవడంతో ఎం స్ట్రీట్ హైస్కూలు అయింది. దాన్ని మొదటి రోజుల్లో నడిపింది మేరీ జేన్ ప్యాటర్సన్ అనే నల్లజాతి స్త్రీ. ఆవిడ కూడా ఓబెర్లిన్‌లో చదివినవారే. అంటే ఆడవాళ్లు ఆ కుర్చీలో కూర్చోవడం కూపర్ గారితో మొదలు కాదన్నమాట.

బయట ఎక్కడా తగిన ఉద్యోగాలు దొరకని నల్లజాతి మేధావులంతా ఆ బడిలో పాఠాలు చెప్పేవారు. వేరే దారి లేక వచ్చిన ఆ పంతుళ్ల వల్ల పిల్లలకి అదృష్టం పట్టింది. 1899లో ఊళ్లోని హైస్కూళ్లన్నిటికీ కలిపి పరీక్ష పెడితే, మూడు తెల్లపిల్లల బళ్లలో రెండింటికంటే ఎం స్ట్రీట్ పిల్లలకే మార్కులు ఎక్కువొచ్చాయి.

కూపర్ గారు మొదట లెక్కలు, సైన్సు చెప్పారు, తర్వాత లాటిన్. 1892లో ఒక పుస్తకం రాశారు. దక్షిణాది నల్లజాతి స్త్రీ గొంతు వినిపించకుండా అమెరికా గురించి మాట్లాడడం కుదరదన్నది అందులో ఆవిడ వాదన. 1900లో లండన్‌లో జరిగిన ఆఫ్రికా జాతుల మహాసభలో మాట్లాడిన కొద్దిమంది స్త్రీలలో ఆవిడొకరు. 1902 జనవరిలో ప్రిన్సిపాల్ అయ్యారు.

సరిగ్గా అదే ఏడాది వాషింగ్టన్‌లో ఇంకో బడి తెరిచారు. ఆర్మ్‌స్ట్రాంగ్ మాన్యువల్ ట్రైనింగ్ స్కూలు. నల్లపిల్లలకి చేతిపనులూ, వృత్తులూ నేర్పే సర్కారు హైస్కూలు. ప్రారంభోత్సవంలో బుకర్ టి. వాషింగ్టన్ మాట్లాడారు. ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. బానిసగా పుట్టి, అలబామాలో టస్కెగీ విద్యాలయాన్ని నిర్మించిన మహానుభావుడు. అక్కడి విద్యార్థులు ఇటుకలు వాళ్లే కాల్చి, భవనాలు వాళ్లే కట్టారు. వడ్రంగం, వ్యవసాయం, వంట, కుట్లు... ముందు చేతిలో పని ఉండాలి, కడుపు నిండాలి, మిగిలినవి తర్వాత వస్తాయన్నది ఆయన మార్గం. 1895లో అట్లాంటాలో ఆయన చేసిన ఉపన్యాసంతో ఈ మార్గానికి దేశమంతా పేరొచ్చింది. తెల్లవాళ్లలో డబ్బున్నవాళ్లు విరాళాలు కురిపించారు.

ఆయనది తప్పు అనడానికి నాకు నోరు రాదు. మా వీధి చివర ఒకావిడ కుట్టు మెషీను మీదే ముగ్గురు పిల్లల్ని చదివించింది. భర్త చేసిన అప్పులు కూడా ఆ మెషీనే తీర్చింది. చేతిలో విద్య ఉన్న ఆడది ఎవరికీ చెయ్యి చాపక్కర్లేదని ఆవిడని చూసే నేర్చుకున్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ బడి కూడా మంచి బడే. జాజ్ సంగీతంలో మహారాజు అనిపించుకున్న డ్యూక్ ఎల్లింగ్టన్ చిన్నప్పుడు అక్కడే చదివాడు, బొమ్మలు వెయ్యడం నేర్చుకోవడానికి.

కూపర్ గారు కూడా చేతిపనిని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు. ఆవిడ తల్లి ఇళ్లల్లో పనిచేసిన మనిషి. చేతిపని నేర్చుకోవాలనుకునే పిల్లలకి అది నేర్పాల్సిందే అన్నారు. ఆవిడకి నచ్చనిది ఒక్కటే. ఒక జాతిలో పుట్టిన పిల్లలందరికీ కలిపి ఒకే అచ్చు తయారుచేసి పెట్టడం. తెల్లపిల్లలకీ ఊళ్లో ఒక చేతిపనుల బడి పెట్టారు. కానీ వాళ్లలో ఎవరు ఎటు వెళ్లాలో వాళ్ల తల్లిదండ్రులూ, వాళ్ల బుర్రలూ నిర్ణయించాయి. నల్లపిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం చర్మం రంగు నిర్ణయిస్తోంది. ఊళ్లో రెండు దారులూ ఉన్నంతకాలం ఫర్వాలేదు. ఒక దారిని కొంచెం కొంచెంగా మూసేద్దామని చూస్తేనే కదా పేచీ!

కుర్చీ కోసం కాదు పోట్లాట

చూశారు కూడా. హైస్కూళ్ల డైరెక్టరు పెర్సీ హ్యూస్ అనే తెల్లాయన. నల్లపిల్లలకి సిలబస్ తేలిక చెయ్యాలని, వాళ్ల స్థాయికి తగిన పాఠాలు పెట్టాలని ఆయన ఉద్దేశం. పైకి చూస్తే దయగా ఉంటుంది. పాపం పిల్లలు, ఎందుకు వాళ్ల మీద భారం అన్నట్టు. మనం కూడా ఎంతమంది పిల్లల గురించి ఈ మాట అనలేదు?

హెడ్ మిస్ట్రెస్‌గా ఆవిడ చేసిన పని దీనికి పూర్తిగా ఎదురు. లాటిన్, గ్రీకు, ఆల్జీబ్రా ఏదీ తగ్గనివ్వలేదు. చురుకైన పిల్లల్ని పెద్ద కాలేజీల ప్రవేశ పరీక్షలకి కూర్చోబెట్టారు. ఆవిడ హయాంలో హార్వర్డ్ యూనివర్సిటీ ఎం స్ట్రీట్ బడికి గుర్తింపునిచ్చింది. అక్కడి పిల్లలు హార్వర్డ్, యేల్, బ్రౌన్, ఓబెర్లిన్ కాలేజీలకి వెళ్లారు. వెనకబడ్డ పిల్లల్ని కూడా వదిలిపెట్టలేదు. ఇళ్లల్లో కష్టాలున్నవాళ్లనీ, ఒకసారి తప్పినవాళ్లనీ మళ్లీ మళ్లీ నిలబెట్టడానికి చూసేవారు. ఈ ఆఖరిదే తర్వాత ఆవిడ మీద నేరమై కూర్చుంది.

1903లో ఫ్రాన్సు నుంచి ఫెలిక్స్ క్లైన్ అనే మతగురువు అమెరికా చూడ్డానికి వచ్చి ఈ బడికి వెళ్లాడు. ఆ వేళకి ప్రిన్సిపాల్ గారు స్వయంగా క్లాసు తీసుకుంటున్నారు. పాఠం వర్జిల్ రాసిన లాటిన్ మహాకావ్యం. ఆయన ఆశ్చర్యపోయి, ఇంటికెళ్లాక రాసిన పుస్తకంలో ఆ క్లాసు గురించి మెచ్చుకుంటూ రాశాడు. బడి బాధ్యతంతా నెత్తి మీదున్నా పాఠం చెప్పడం మానలేదు చూడండి, నాకు అది నచ్చింది. ఆఫీసు గదిలో కూర్చుని గంట కొట్టించడమే పెద్దరికం అనుకునేవాళ్లని మనం చూస్తూనే ఉంటాం.

అంతకుముందు 1902-03 చలికాలంలో ఆవిడ డుబోయిస్ గారిని బడికి పిలిచి మాట్లాడించారు. బుకర్ వాషింగ్టన్ మార్గాన్ని గట్టిగా ప్రశ్నించిన నల్లజాతి పండితుడాయన. నల్లపిల్లల చదువుని కుదించేసే ధోరణి దేశంలో పెరుగుతోందని ఆయన హెచ్చరించారు. పైవాళ్లకి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

1905లో మొదలైంది రగడ. అధికారులు చెప్పిన పుస్తకం కాకుండా వేరే పుస్తకం వాడారన్నారు. బడిలో క్రమశిక్షణ లేదన్నారు, పిల్లలు సిగరెట్లు కాలుస్తున్నారు, తాగుతున్నారు అన్నారు. మొద్దు పిల్లల మీద జాలి ఎక్కువన్నారు. పై అధికారికి సహకరించడం లేదన్నారు. నెలల తరబడి పత్రికల్లో ఇదే. నల్లవాళ్లలో కూడా రెండు పక్షాలయ్యాయి.

వీటన్నిటితో పని కాదనుకున్నారేమో, ఇంకోటి కూడా బయటికి తీశారు. ఆవిడ చాలా ఏళ్ల కిందట, తల్లిదండ్రులు పోయిన అన్నాచెల్లెళ్లు ఇద్దర్ని చేరదీసి పెంచారు. ఆ కుర్రాడు జాన్ లవ్ పెద్దవాడై అదే బడిలో టీచరయ్యాడు. అదే ఇంట్లో ఉండేవాడు. ఆ ఇంట్లో వేరే టీచర్లు కూడా ఉండేవారు. అయినా పుకారు పుట్టించారు. పెంచిన తల్లికీ, కొడుకులాంటివాడికీ! ఆవిడ పుస్తకం మీద, ఆవిడ పాఠం మీద గెలవలేనివాళ్లు చివరికి ఆవిడ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. ఈ కథలో నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఆడమనిషి పేరు తియ్యడానికి అమెరికా అయినా అమలాపురమైనా ఒకటే ఆయుధం.

1906లో బోర్డు ఆవిడని ప్రిన్సిపాల్‌గా మళ్లీ నియమించలేదు. వయసు నలభై ఎనిమిది. భర్త లేడు, పిల్లలు లేరు. కుర్చీ పోయింది.

కానీ ఒక సంగతి గమనించండి. ఆ బడి సిలబస్ మాత్రం తగ్గలేదు. ఆవిడ వెళ్లాక కూడా లాటిన్ అలాగే ఉంది, లెక్కలు అలాగే ఉన్నాయి, కాలేజీలకి వెళ్లే పిల్లలూ అలాగే వెళ్తున్నారు. ఆవిడ తన ఉద్యోగం ఇచ్చి ఆ పుస్తకాలని నిలబెట్టినట్టయింది.

అదే బడి, కింది మెట్టు

మిస్సూరీ రాష్ట్రంలోని జెఫర్సన్ సిటీకి వెళ్లి, లింకన్ ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగేళ్లు భాషలు చెప్పారు. 1910లో వాషింగ్టన్ అధికారులు మారాక మళ్లీ పిలిచారు. దేనికి? అదే ఎం స్ట్రీట్ బడికి, లాటిన్ టీచరుగా. ప్రిన్సిపాల్‌గా కాదు.

నేనైతే వెళ్లకపోదును. తానే తాళంచెవులు పట్టుకు తిరిగిన ఇంట్లో అతిథిలా అడుగుపెట్టడం ఎంత కష్టమో, పుట్టింట్లో వదినగారి రాజ్యం వచ్చాక వెళ్లే ఆడపడుచులకి చెప్పక్కర్లేదు. ఆవిడ వెళ్లారు. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఏళ్లు అదే బడిలో లాటిన్ చెప్పారు. 1916లో బడి కొత్త భవనంలోకి మారి డన్‌బార్ హైస్కూలు అయింది. ఆ ఇరవై ఏళ్లలో అక్కడ చదివినవాళ్ల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. బళ్లలో జాతి విభజన మీద కోర్టు పోరాటానికి పునాది వేసిన లాయరు చార్లెస్ హ్యూస్టన్ 1911లో బయటికొచ్చాడు. రక్తనిధుల ఏర్పాటుకి దారి చూపిన డాక్టరు చార్లెస్ డ్రూ 1922లో, అమెరికా కేబినెట్‌లో తొలి నల్లజాతి మంత్రి రాబర్ట్ వీవర్ 1925లో. సిలబస్ తేలిక చేసి ఉంటే వీళ్లు ఏమయ్యేవారో!

ఇంకో పేరు కూడా చెప్పాలి. కూపర్ గారు ఇంకా టీచరుగా ఉన్నప్పుడే, 1896లో, ఎం స్ట్రీట్ నుంచి పాసైన నానీ బరోస్. గృహవిజ్ఞానం టీచరు ఉద్యోగం వస్తుందని ఆశపడితే రాలేదు. ఆవిడ ఊరుకోకుండా 1909లో వాషింగ్టన్‌లోనే ఆడపిల్లలకి వృత్తివిద్యల బడి తానే పెట్టింది. లాటిన్ బడిలోంచి వచ్చిన అమ్మాయి చేతిపనుల బడి పెట్టింది చూశారా! చదువు చదివితే చేతిపని చేదయిపోతుందనే భయానికి ఇంతకంటే మంచి జవాబు నాకు కనిపించలేదు.

అరవై ఆరేళ్ల విద్యార్థిని

కూపర్ గారికి తన చదువు మీద ఇంకా తనివి తీరలేదు. వేసవి సెలవుల్లో పారిస్ వెళ్లి ఫ్రెంచి చదివారు. 1914లో, యాభై ఆరేళ్ల వయసులో, కొలంబియా యూనివర్సిటీలో పిహెచ్‌డికి చేరారు. మరుసటి ఏడాది ఇంటికి చుట్టాలొచ్చారు. చుట్టాలంటే అన్నగారి మనుమలు అయిదుగురు, తల్లి పోయిన పిల్లలు. ఆఖరిదానికి ఆరు నెలలు, పెద్దాడికి పన్నెండేళ్లు. ఇంకెవరూ లేరు. యాభై ఏడేళ్ల ఆవిడ అందరినీ తెచ్చుకుని, వాళ్ల కోసం టి స్ట్రీట్‌లో పెద్ద ఇల్లు కొన్నారు. అప్పు చేసి అన్నం పెట్టి, పొద్దున్నే బడికి వెళ్లి లాటిన్ చెప్పి, సాయంత్రం పాలసీసాలు కడిగి... పిహెచ్‌డి అటకెక్కింది.

అటకెక్కిందే గానీ ఆవిడ దాన్ని దించడం మర్చిపోలేదు. కొలంబియాలో డిగ్రీ కావాలంటే ఏడాదిపాటు న్యూయార్కులో ఉండాలి. అయిదుగురు పిల్లలతో అది అయ్యే పని కాదు. అందుకని ఆ చదువుని పారిస్‌లోని సోర్బాన్‌కి మార్చుకున్నారు. ఫ్రెంచి విప్లవకాలంలో బానిసత్వం పట్ల ఫ్రాన్సు వైఖరి ఎలా ఉండేదన్నది పరిశోధన అంశం. బానిసగా పుట్టిన ఆవిడే బానిసత్వం మీద తీర్పరిగా కూర్చున్నారన్నమాట. 1924లో సెలవు దొరక్క, అనారోగ్యం సెలవు పెట్టి పారిస్ వెళ్లారు. అరవై రోజుల్లో తిరిగి రాకపోతే ఉద్యోగం ఊడేట్టుందని స్నేహితురాలి దగ్గర్నుంచి తంతి. పింఛను పోతే పిల్లల గతేమిటి? సగం పనిలో లేచి ఓడెక్కి వచ్చి, గడువు దాటకుండా క్లాసులో నిలబడ్డారు. ఇక్కడ కూర్చునే మిగతాది రాశారు.

1925 మార్చి 23న పారిస్‌లో పరీక్ష. ఎదురుగా కూర్చున్న పెద్దల్లో ఒకాయన సెలెస్టిన్ బూగ్లే. సమానత్వమనే భావన కొన్ని జాతులకే సొంతమన్న ఆయన సిద్ధాంతాన్ని ఆవిడ ఆయన ముందే, ఆయన భాషలోనే ఖండించారు. డాక్టరేట్ వచ్చింది. అమెరికా నల్లజాతి స్త్రీలలో ఆ పట్టా అందుకున్న నాలుగో ఆవిడ. వయసు అరవై ఆరు.

1930లో రిటైరయ్యారు. విశ్రాంతి అనుకుంటున్నారా? ఫ్రిలింగ్‌హైసన్ యూనివర్సిటీ అని, పగలంతా కూలీనాలీ, ఇళ్లల్లో పనులూ చేసుకునే నల్లవాళ్లకి రాత్రిపూట చదువు చెప్పే సంస్థ ఒకటుంది. దానికి ప్రెసిడెంటయ్యారు. అద్దె కట్టలేకపోతే క్లాసుల్ని టి స్ట్రీట్‌లోని సొంత ఇంట్లోకి తెచ్చుకున్నారు. తను జీతం తీసుకోలేదు. దానిలోనే చదువు రాని పెద్దవాళ్లకి అక్షరాలూ, పనీ నేర్పే విభాగం ఒకటి పెట్టి, దానికి తల్లి పేరు పెట్టారు. హన్నా స్టాన్లీ. చేతిపనీ, పుస్తకమూ ఒకే ఇంటి కప్పు కింద ఉండొచ్చని ఆవిడ అలా తన డ్రాయింగు రూములోనే చూపించారు. 1937లో ఆ సంస్థ డిగ్రీలిచ్చే హక్కు పోగొట్టుకుంది. అయినా ఆవిడ చాలా ఏళ్లు వదల్లేదు.

1964 ఫిబ్రవరి 27న కన్నుమూశారు. నూట అయిదేళ్లు. జాతివివక్షని నిషేధించే చట్టం మరో నాలుగైదు నెలలకి వచ్చింది. రాలీ ఊరి శ్మశానంలో, ఎనభై అయిదేళ్ల కిందట పోయిన భర్త పక్కనే ఆవిడని ఉంచారు. 2009లో అమెరికా తపాలాశాఖ ఆవిడ బొమ్మతో స్టాంపు వేసింది.

మొన్న ఆదివారం పనమ్మాయి కూతుర్ని ఇంటికి రమ్మన్నాను. కథంతా చెప్పాను. పాస్‌పోర్టులో పేరు కూడా చూపించాను. పిల్ల శ్రద్ధగానే విన్నది. అయ్యాక ఒక్కటే అడిగింది, ఆవిడకి కాలేజీ ఫీజు ఎవరు కట్టారాంటీ అని.

ఎవరూ కట్టలేదే, ఆవిడే కాలేజీ పెద్దాయనకి ఉత్తరం రాసి అడిగింది అని చెప్పాను. కాసేపు ఆలోచించి, బ్యాగులోంచి తెల్లకాగితం తీసింది. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఎంపీసీకి, ఊళ్లో ఆడపిల్లల సంక్షేమ హాస్టల్లో సీటుకి, రెండు అర్జీలు. తెలుగులో రాయనా ఇంగ్లీషులో రాయనా అంది. తెలుగులోనే రాయి, తప్పులుంటే నేను చూస్తానన్నాను. వాళ్లమ్మ వంటింట్లో గిన్నెలు తోముతూనే, అందులో కుట్టు క్లాసు సాయంత్రాలు ఉంటుందేమో కూడా అడగమనండమ్మా అంది.

అది కూడా రాశాం.